సతోషి కోన్ సినిమాల్ని కుట్టు విప్పి చూడటం ఎలా: కట్ షీట్ నుంచి సొంత మ్యాచ్ కట్ దాకా

సతోషి కోన్ అంటే జపాన్ యానిమేషన్ సినిమాల డైరెక్టర్. ఎడిటింగ్ నేర్చుకునేవాళ్ళు, యానిమేషన్ కోర్సులో ఉన్నవాళ్ళు ఆయన గురించి నన్ను అడిగేది ఒకటే. "కోన్ సినిమాలు చూశాం, భలే ఉన్నాయి, కానీ అందులోంచి ఏం నేర్చుకోవాలో తెలీట్లేదు." ఎందుకు తెలీట్లేదంటే మనం చూసేది కథ. కలా నిజమా, హీరోయిన్‌కి పిచ్చా, చివర్లో ఏమైంది... ఈ గొడవలో పడిపోయి అసలు పని జరిగిన చోటు వదిలేస్తాం.

టైలర్ దగ్గర పనికి కుదిరిన కుర్రాడు చొక్కా బాగుందని మెచ్చుకోడు, తిరగేసి లోపల కుట్టు చూస్తాడు. కోన్ పని మొత్తం ఆ కుట్టులోనే ఉంది, అంటే ఒక షాట్ అయిపోయి ఇంకో షాట్ మొదలయ్యే అతుకులో. ఇక్కడ చెప్పేదంతా ఆ అతుకు ఎలా పట్టుకోవాలి, చివర్లో సొంతంగా ఒక మ్యాచ్ కట్ (రెండు షాట్లలో కదలికో ఆకారమో కలిసేలా వేసే కట్) ఎలా చెయ్యాలి అనేదే. ఆయన గొప్పదనం గురించి ఇంకెక్కడైనా చదువుకోండి.

1. ముందు సరంజామా

పెద్ద ఖర్చేం లేదు. ఇవి ఉంటే చాలు:

- ఫ్రేమ్ ఫ్రేమ్‌గా ముందుకు జరిగే ప్లేయర్. వీఎల్‌సీలో కీబోర్డ్ మీద ఇంగ్లీషు E అక్షరం నొక్కితే ఒక్కో ఫ్రేమ్ కదుల్తుంది. వెనక్కి కూడా కావాలంటే ఎంపీవీ అనే ప్లేయర్ పెట్టుకోండి, ఫుల్‌స్టాప్ నొక్కితే ముందుకి, కామా నొక్కితే వెనక్కి.
- డిస్క్ ఉంటే మంచిది. ఓటీటీ యాప్‌లలో ఇలా ఫ్రేమ్ ఫ్రేమ్‌గా జరపడం కుదరదు, ఊరికే పాజ్ కొట్టుకుంటూ కూర్చోవాలి. ఏదీ లేకపోతే యూట్యూబ్‌లో ట్రైలర్‌తో మొదలెట్టండి, కంప్యూటర్‌లో పాజ్ చేశాక అక్కడ కూడా ఆ కామా, ఫుల్‌స్టాప్ కీలే పనిచేస్తాయి.
- గీతల్లేని నోట్‌బుక్, పెన్సిల్. ఎక్సెల్ వద్దు, ఎందుకో ఐదో మెట్టులో చెప్తా.
- జపనీస్ ఆడియో. డబ్బింగ్ వెర్షన్ వద్దు, డైలాగ్ ఎక్కడ ఆగింది ఎక్కడ పక్క సీన్‌లోకి కారింది అనేది మనకి ముఖ్యం.
- హెడ్‌ఫోన్స్.

ఇంకోటి, ఇది సీరియస్‌గా చెప్తున్నా. "పర్ఫెక్ట్ బ్లూ" పెద్దవాళ్ళకి మాత్రమే. బొమ్మల సినిమానే కదా అని హాల్లో టీవీకి కనెక్ట్ చేసి ఇంట్లోవాళ్ళ మధ్య పెట్టారంటే ఆ తర్వాత జరిగేదానికి నా పూచీ లేదు. లైంగిక హింస, రక్తం రెండూ ఉన్నాయి. "పాప్రికా"లో కూడా ఒకట్రెండు సీన్లు పిల్లలకి పనికిరావు.

2. ఏ వరసలో చూడాలి

ఆయన డైరెక్ట్ చేసిన పూర్తి నిడివి సినిమాలు నాలుగే. "పర్ఫెక్ట్ బ్లూ" 1997, 81 నిమిషాలు. "మిలీనియం యాక్ట్రెస్" 2001, 87. "టోక్యో గాడ్‌ఫాదర్స్" 2003, 92. "పాప్రికా" 2006, 90. నాలుగూ కలిపితే 350 నిమిషాలు, మన దగ్గర రెండు పెద్ద హీరోల సినిమాలంత. వీటితో పాటు 2004లో 13 ఎపిసోడ్ల టీవీ సీరీస్ "పారనోయా ఏజెంట్", 2007లో ఒక్క నిమిషం నిడివున్న "ఒహాయో". 2010 ఆగస్టులో 46 ఏళ్ళకే క్లోమం క్యాన్సర్‌తో పోయారు, చేస్తున్న సినిమా సగంలో ఆగిపోయింది.

కొంతమంది పాప్రికాతో మొదలెడతారు. అలా చెయ్యకండి. అందులో అతుకులు ఎంత నున్నగా ఉంటాయంటే కొత్త కంటికి దొరకవు. నేను చెప్పే వరస ఇది:

1. మిలీనియం యాక్ట్రెస్. అతుకులు పైకే కనిపిస్తాయి, దాచే ప్రయత్నం ఉండదు.
2. టోక్యో గాడ్‌ఫాదర్స్. క్రిస్మస్ రాత్రి రోడ్డు మీద బతికే ముగ్గురికి పసిపాప దొరికే కథ, కలల గోల లేదు, సాఫీగా నడుస్తుంది. ట్రిక్కులు పక్కన పెట్టినప్పుడు ఈయన ఎలా తీస్తాడో తెలిస్తే మిగతా వాటితో పోల్చుకోడానికి ఒక కొలత దొరుకుతుంది.
3. పర్ఫెక్ట్ బ్లూ.
4. పాప్రికా, చివర్లో.

ఆయన డైరెక్టర్ అవ్వకముందు చేసిన పని కూడా ఒకటి చూడండి, 1995 "మెమొరీస్"లో మొదటి భాగం "మాగ్నెటిక్ రోజ్". డైరెక్షన్ కోజీ మోరిమోతోది, స్క్రిప్ట్ కోన్‌ది. ఒక గాయని జ్ఞాపకాలు గదుల్లాగా కట్టి ఉంటాయి, మనుషులు అందులోకి నడిచి వెళ్ళి ఇరుక్కుంటారు. తర్వాత ఆయన పదేళ్ళు చేసింది ఈ పనే. అంతకుముందు మాంగా (జపాన్ కామిక్స్) గీశారు, మాంగా ఆర్టిస్టు, డైరెక్టర్ ఒతోమో దగ్గర అసిస్టెంటుగా చేశారు, 1993లో డైరెక్టర్ ఒషీ తీసిన రెండో "పాట్లేబర్" సినిమాకి లేఅవుట్లు గీశారు. ఈ లేఅవుట్ మాట గుర్తుపెట్టుకోండి, ఏడో మెట్టులో పనికొస్తుంది.

3. మొదటిసారి చూసేటప్పుడు పెన్సిల్ ముట్టుకోవద్దు

మామూలు ప్రేక్షకుడిలా చూసెయ్యండి. పాజ్ వద్దు, ఫోన్ వద్దు. సినిమా అయ్యాక వెంటనే ఒక్క పని, మీరు ఎక్కడెక్కడ "ఓర్నీ, ఇది సినిమాలో సినిమానా" అనుకున్నారో ఆ చోట్లు గుర్తున్నంతవరకు రాసుకోండి. టైమ్ అక్కర్లేదు, "ఆసుపత్రి సీన్ దగ్గర" అన్నా సరిపోతుంది. మోసపోయిన చోటే మనకి పాఠం ఉంది కాబట్టి మోసపోకముందే విశ్లేషణ మొదలెడితే ఆ చోట్లు దొరకవు.

4. మూడు నిమిషాల ముక్క కోసుకోండి

సినిమా మొత్తం ఒకేసారి విప్పుదాం అనుకుంటే పది రోజుల్లో మానేస్తారు. నేనూ మానేశా. పర్ఫెక్ట్ బ్లూ మొత్తం షీట్ రాద్దామని కూర్చుని పన్నెండో నిమిషం దగ్గర నోట్‌బుక్ అటక మీద పడేశాను. మూడు నిమిషాలు చాలు, దానికే మొదటిసారి రెండు గంటలు పడుతుంది. ఈ ముక్కలు తీసుకోండి:

- మిలీనియం యాక్ట్రెస్ మొదలు. చంద్రుడి మీద ఒకమ్మాయి రాకెట్ ఎక్కుతుంది, అది లేస్తుంటే అంతా అదురుతుంది, ఆ అదురుడు ఇటు టోక్యోలో టీవీలో ఆ సీను చూస్తున్న గెన్యా (తర్వాత ఆమెని ఇంటర్వ్యూ చేసేవాడు) గదిలో భూకంపంగా వచ్చేస్తుంది.
- అదే సినిమాలో పరుగు. హీరోయిన్, నటి చియోకో ఒకే మనిషి కోసం యుగాలు దాటి పరిగెడుతుంది, గుర్రం, గుర్రబ్బండి, రిక్షా, సైకిలు ఇలా వాహనాలు మారుతుంటాయి, వెనక బ్యాక్‌గ్రౌండ్ కూడా పాత చెక్కబొమ్మ ప్రింటుల్లాగా మారిపోతుంది. మారనిది ఒక్కటే ఉంది, అదేంటో షీటు రాస్తే మీకే తెలుస్తుంది.
- పర్ఫెక్ట్ బ్లూ మొదలు. స్టేజి మీద పాడే మీమా (హీరోయిన్, తర్వాత పాటలు మానేసి నటిగా మారుతుంది), ఇంటికెళ్ళే రైల్లో, కొట్లో సరుకులు కొనే మీమా, రెండూ జడలాగా అల్లి ఉంటాయి.
- పాప్రికా మొదలు. సర్కస్‌లో మొదలైన కల అడవిలోకి, రైలు పెట్టెలోకి, చివరికి పొడవాటి కారిడార్‌లోకి. ఒక్కో చోటు నుంచి ఇంకో చోటికి ఏది మోసుకెళ్ళిందో జవాబు నేను చెప్పను, ఇది మీ పరీక్ష పేపర్.

5. కట్ షీట్ రాయడం

జపాన్ స్టూడియోల్లో స్టోరీబోర్డ్‌ని ఎకొంటె అంటారు. నిలువు కాగితం, ఎడమ పక్క కట్ నంబర్, తర్వాత బొమ్మ గడి, ఆ పక్కన ఏం జరుగుతోందో, డైలాగు, చివర్లో టైమ్. టైమ్ రాసే పద్ధతి బాగుంటుంది, 3+12 అంటే మూడు సెకన్లు, పన్నెండు ఫ్రేములు. సెకనుకి 24 కాబట్టి మూడున్నర సెకన్లన్నమాట.

వాళ్ళు సినిమా తియ్యడానికి వాడే కాగితాన్ని మనం వెనక్కి నడిపిస్తున్నాం, తీసిన సినిమాని మళ్ళీ కాగితం మీదకి. వరస ఇలా:

1. సబ్‌టైటిల్స్ ఆపెయ్యండి. అవి ఉంటే కన్ను కిందే ఉంటుంది.
2. సౌండ్ కూడా ఆపి ముక్క మొత్తం ఒకసారి చూడండి.
3. ఇప్పుడు మొదటి కట్ దాకా వచ్చి ఆగండి. కట్‌కి ముందున్న చివరి ఫ్రేము, కట్ తర్వాత మొదటి ఫ్రేము, ఈ రెండూ గియ్యండి. గీత రాకపోయినా పర్లేదు, గుండ్రం తలకాయ, గీత చేతులు చాలు.
4. రెండు బొమ్మల్లోనూ మీ కన్ను ఎక్కడుందో అక్కడ ఒక చుక్క.
5. టైమ్ రాయండి.
6. తర్వాతి కట్.

ఎక్సెల్ వద్దన్నది ఇందుకే. టైప్ చేస్తే "మీమా క్లోజప్" అని రాసి ముందుకెళ్ళిపోతాం. గీస్తేనే ముఖం ఫ్రేములో ఎడమ పక్కనుందా కుడి పక్కనుందా అని చెయ్యి అడుగుతుంది.

చుక్కలు పెట్టడం అయ్యాక పేజీ దూరంగా పెట్టి చూడండి. బాగా కుదిరిన అతుకు దగ్గర రెండు చుక్కలూ దాదాపు ఒకే చోట పడి ఉంటాయి. చోటు మారింది, కాలం మారింది, ఒక్కోసారి మనిషే మారింది, కానీ మీ కన్ను కదల్లేదు, కన్ను కదలకపోతే మనసు కూడా "సరే అదే సీను" అని నమ్మేస్తుంది, అయ్యో కాదే అని తెలిసేలోపు ఇంకో రెండు సెకన్లు గడిచిపోతాయి.

6. అతుకు ఏ రకమో గుర్తుపట్టడం

మన పాత సినిమాల్లో ఫ్లాష్‌బ్యాక్ అంటే ముందే చెప్పి తీసుకెళ్ళేవాళ్ళు. తెర నీళ్ళలాగా అలలు కొట్టేది, వీణ శబ్దం వచ్చేది, హీరో తల్లి శూన్యంలోకి చూసేది. ఇక్కడ గడప దాటుతున్నాం జాగ్రత్త అని బోర్డు పెట్టినట్టు. కోన్ ఆ గడపే తీసేశాడు. తీసేసిన చోట ఏం పెట్టాడో చూసి పేరు పెట్టుకోవాలి. నేను వాడే పేర్లు ఇవి, మీకు నచ్చకపోతే మార్చుకోండి:

కదలిక అతుకు. ఒక చోట మొదలైన కదలిక ఇంకో చోట పూర్తవుతుంది. ఇక్కడ తలుపు తోస్తే అక్కడ తెరుచుకుంటుంది, ఇక్కడ పడితే అక్కడ లేస్తారు. ఎక్కువ కనిపించేది ఇదే. గుర్తుపట్టే చిట్కా, కట్ సరిగ్గా కదలిక మధ్యలో పడుతుంది, మొదట్లోనో చివర్లోనో కాదు.

ఆకారం అతుకు. కదలిక లేకపోయినా ముఖమో, గుండ్రటి వస్తువో, కూర్చున్న భంగిమో అదే సైజులో, అదే చోట ఇంకో సీన్లో ఉంటుంది.

తెర అతుకు. మనం చూస్తున్నది నిజమనుకుంటాం, షాటు వెనక్కి జరిగితే అది టీవీ, లేదా మానిటరు, లేదా షూటింగు. పర్ఫెక్ట్ బ్లూలో మీమా మాట్లాడుతుంటే ఆమె కష్టమే చెప్పుకుంటోంది అనుకుంటాం, పక్కనుంచి డైరెక్టరు కట్ అంటాడు. ఇది రాసేటప్పుడు ఒకటి చూడండి, తెర అంచు ఎప్పుడు కనబడింది. ఎంత ఆలస్యంగా చూపిస్తే అంత మోసం.

నిద్ర అతుకు. మంచం మీద లేచే షాట్. పర్ఫెక్ట్ బ్లూ రెండో సగంలో మీమా లేస్తూనే ఉంటుంది, అదే గది, అదే చేపల తొట్టి, మూడోసారికి మనకి ఏ లేవడం నిజమో చెప్పే ఆధారం ఉండదు. ఇలాంటివి వరసగా వస్తే ఒక్కోటి విడిగా కాకుండా పక్కపక్కన గియ్యండి, గదిలో ఏం మారిందో అప్పుడే దొరుకుతుంది.

సాక్షి అతుకు. ఇది మిలీనియం యాక్ట్రెస్‌ది. ఇంటర్వ్యూ చెయ్యడానికొచ్చిన గెన్యా, కెమెరామెన్ ఇదా ఇద్దరూ ముసలావిడైపోయిన చియోకో జ్ఞాపకంలోకే నడిచి వచ్చేస్తారు. మొదట్లో పక్కన నిలబడి షూట్ చేస్తుంటారు, కాసేపటికి గెన్యా వేషం వేసుకుని కథలో దిగి ఆమెని కాపాడేస్తుంటాడు, కెమెరామెన్ మాత్రం ఏంటిదంతా అని విసుక్కుంటాడు. ఈ విసుగు చాలా పని చేస్తుంది, మనం అడగాల్సిన ప్రశ్న వాడు అడిగేస్తాడు కాబట్టి మనం తికమకపడకుండా నవ్వుకుని ముందుకెళ్తాం.

ఒకే కట్‌లో రెండు రకాలు కలిసి ఉండొచ్చు, అప్పుడు రెండూ రాయండి. ఏ రకానికీ అందని మామూలు కట్లు కూడా రాయండి, సినిమాలో ఎక్కువ భాగం అవే. పాప్రికా టైటిల్స్ ముక్కలో పాప్రికా అనే అమ్మాయి ఒకడి టీషర్టు మీద బొమ్మగా మారుతుంది, హోర్డింగుల్లోకి దూరుతుంది, చిటికేస్తే రోడ్డు మీద బళ్ళన్నీ ఆగిపోతాయి, అక్కడ కొన్నిసార్లు కట్టే ఉండదు, ఒకే షాట్లో మారిపోతుంది. దానికి షీట్లో "అతుకు లేదు, లోపలే మారింది" అని రాసుకోండి.

7. ఫ్రేము లోపల చూడాల్సింది కొంచెమే

లేఅవుట్ అంటే స్టోరీబోర్డ్ తర్వాత మెట్టు. కెమెరా ఎక్కడుంది, మనిషి ఎంత పెద్ద, వెనక గది ఏ కోణం, ఇదంతా అక్కడే ఖాయం అయిపోతుంది, ఆ తర్వాతే కీలక బొమ్మలు, మధ్య బొమ్మలు, రంగులు. కోన్ ఆ పనిలోంచి వచ్చినవాడు కాబట్టి ఆయన గదులు నిజం గదుల్లా కొలతలతో ఉంటాయి. గది నమ్మించేలా ఉంటేనే అది మాయమైనప్పుడు మనకి కాలికింద నేల కదుల్తుంది.

షీట్లో అదనంగా ఈ మూడూ టిక్ పెట్టండి చాలు:

- సీను క్లోజప్‌తో మొదలైందా? ఎక్కడున్నామో చెప్పే వైడ్ షాట్ ఎన్నో కట్‌కి వచ్చింది?
- అద్దం, కిటికీ, స్క్రీన్ ఏమైనా ఉందా? అందులో ఎవరున్నారు?
- బ్యాక్‌గ్రౌండ్‌లో ఏదైనా దాక్కుని ఉందా? టోక్యో గాడ్‌ఫాదర్స్‌లో బిల్డింగుల కిటికీలు మనిషి ముఖాల్లా కనపడే షాట్లున్నాయి, 1225 అనే నంబరు కూడా అక్కడక్కడా తగుల్తుంది, డిసెంబరు 25 అన్నమాట.

పాప్రికాలో పోలీసు కొనాకావా ఒక సినిమా హాల్లో కెమెరా ఊహారేఖ (ఇద్దరు మనుషుల మధ్య ఉందనుకునే గీత, కెమెరా దానికి ఒక పక్కనే ఉండాలి) గురించి పాప్రికాకి పాఠం చెప్పే సీను ఉంది, జపాన్ డైరెక్టర్ కురొసావా లాంటి టోపీ, నల్లకళ్ళద్దాలు పెట్టుకుని. జోకుగా ఉంటుంది కానీ చెప్పేది నిజం పాఠమే. ఆ రేఖ దాటకూడదని సినిమా స్కూల్లో చెప్పేది అక్కడ రెండు నిమిషాల్లో అయిపోతుంది.

8. ఇప్పుడు సౌండ్ పెట్టండి

అదే ముక్క, కళ్ళు మూసుకుని. డైలాగు ఒక సీన్లో మొదలై ఇంకో సీన్లో ముగిసిన చోటల్లా షీట్లో రెండు గడులని కలుపుతూ ఒక వంపు గీత గియ్యండి. మిలీనియం యాక్ట్రెస్, పారనోయా ఏజెంట్, పాప్రికా మూడింటికీ సంగీతం సుసుము హిరాసావా. పాట బీటు మీద కట్ పడిందా, బీటుకి ముందే పడిందా అనేది కూడా చూడొచ్చు, ఓపిక ఉంటేనే.

9. ఎక్కువగా జరిగే తప్పులు

- ప్రతి కట్‌కీ అర్థం వెతకడం. ఎరుపు రంగు అంటే ఇది, చేప అంటే అది అని రాసుకుంటూ పోతే షీటు కాస్తా కవిత్వం అయిపోతుంది. రెండు వారాలు అర్థాల జోలికి వెళ్ళకండి, ఏం జరిగిందో మాత్రమే రాయండి.
- నిజం ఎక్కడ, కల ఎక్కడ అని రంగులేసి విడదీయడం. నేను చేశా, పచ్చ స్కెచ్ పెన్ నిజానికి, ఊదా కలకి. పర్ఫెక్ట్ బ్లూ సగానికొచ్చేసరికి రెండూ కలిసి బురద రంగైంది. దానికి బదులు "ఈ కట్ దగ్గర నేను ఏది నమ్మాను" అని ఒక గడి పెట్టండి.
- కట్లు వేగంగా ఉన్నాయి కాబట్టి స్టైల్ వేగమే అనుకోవడం. గీసిన బొమ్మలో ఏం ఉండాలో అదే ఉంటుంది, నిజం కెమెరా షాట్లోలాగా అడ్డమైన వివరాలు ఉండవు, అందుకే కన్ను త్వరగా చదివేస్తుంది. అదే నిడివి మీ ఫోన్ వీడియోలో పెడితే ఎవరికీ ఏం కనపడదు. ఒక ఆరు ఫ్రేములు ఎక్కువిచ్చి చూడండి, చాలకపోతే ఇంకో ఆరు.
- ఫ్రేములు లెక్కపెడుతూ బొమ్మ కదలట్లేదేంటి, ఫైల్ పాడైందా అనుకోవడం. పాడవలేదు. ఒకే బొమ్మ రెండు మూడు ఫ్రేములు నిలబడటం జపాన్ యానిమేషన్‌లో మామూలే, అంటే సెకనుకి పన్నెండో ఎనిమిదో బొమ్మలు.
- ఒక్కడే చేశాడనుకోవడం. నాలుగు సినిమాలూ మ్యాడ్‌హౌస్ స్టూడియోలో తయారయ్యాయి. స్టూడియోలో ఎవరు ఏం చేస్తారో తెలియాలంటే పారనోయా ఏజెంట్ పదో ఎపిసోడ్ చూడండి, ఒక యానిమే టీవీ సీరీస్ తీసే ఆఫీసులోనే జరుగుతుంది, ఒక్కో ఉద్యోగం ఏంటో చెప్పుకుంటూ పోతుంది. చూశాక ఆ రంగంలోకి వెళ్ళాలనిపించకపోతే నన్ననొద్దు.

10. మీ చేత్తో ఒక అతుకు

కనీసం మూడు ముక్కల షీట్లు రాశాకే ఇది. ఫోను, ఒక మనిషి, రెండు చోట్లు, ఆరు షాట్లు. డైలాగు వద్దు.

1. ముందు కాగితం మీద ఆరు గడులు గియ్యండి. మూడో గడికీ నాలుగో గడికీ మధ్య అతుకు. మొదటి మూడూ ఇంట్లో, తర్వాతి మూడూ బయట, బస్టాపులోనో మేడ మీదో.
2. ఒక కదలిక ఎంచుకోండి. కుర్చీలోంచి లేవడం, తల తిప్పడం, గ్లాసు ఎత్తడం. గ్లాసు బాగా కుదురుతుంది, ఇంట్లో స్టీలు గ్లాసు ఎత్తితే మేడ మీద టీ గ్లాసు నోటికి చేరుతుంది.
3. ఇంటి షాట్లు ముందు తియ్యండి. మూడో షాటులో కదలిక సగంలో ఉన్న ఫ్రేము స్క్రీన్‌షాట్ తీసుకోండి.
4. బయటికెళ్ళాక ఆ స్క్రీన్‌షాట్ ఇంకో ఫోన్లో పెట్టుకుని చెయ్యి, తల అదే సైజులో అదే చోట వచ్చేదాకా కెమెరా సర్దండి. ఎక్కువ టైమ్ ఇక్కడే పోతుంది, పోనివ్వండి.
5. రెండు చోట్లా కదలిక మొత్తం తియ్యండి, సగం సగం కాదు. ఎక్కడ కోయాలనేది ఎడిటింగ్‌లో తేల్చుకోవచ్చు.
6. టైమ్‌లైన్‌లో కట్‌ని ఒక ఫ్రేము అటు, ఒక ఫ్రేము ఇటు జరుపుతూ చూడండి.

తీసే ముందు చూసుకోవాల్సినవి:

- వెలుగు ఒకే పక్కనుంచి వస్తోందా
- కదలిక దిక్కు ఒకటేనా, ఎడమ నుంచి కుడికైతే రెండు చోట్లా అంతే
- నాలుగో షాటు క్లోజప్పేనా, వైడ్ షాట్ ఆరో షాటు దాకా ఆపారా

గ్లాసు అతుకు దగ్గర గెంతినట్టు అనిపిస్తే సాధారణంగా సైజు తేడా ఉంటుంది, ఎడిటింగ్‌లో కొంచెం జూమ్ చేస్తే సరిపోతుంది. సైజు సరిగ్గా ఉన్నా గెంతుతుంటే రెండో చోట కదలిక మరీ మొదట్నుంచి వస్తోందని అర్థం, రెండు మూడు ఫ్రేములు కోసెయ్యండి.

అయ్యాక ఏమీ చెప్పకుండా ఇంట్లో ఎవరికైనా చూపించండి. వీడియో చూడకుండా వాళ్ళ ముఖం చూడండి. మా అమ్మకి చూపిస్తే ఆరో షాటు దాకా ఏం మాట్లాడలేదు, వైడ్ రాగానే "అదేంట్రా, మేడ మీదకి ఎప్పుడెళ్ళావు?" అంది. ఆ ప్రశ్న ఎన్నో సెకనుకి వచ్చిందో షీట్లో రాసుకున్నా. మీ వాళ్ళు నాలుగో షాటుకే అడిగేస్తే మళ్ళీ మూడో పాయింట్ నుంచి తియ్యండి.